చీపురుపుల్ల రాయబారం

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డల్లాస్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది. వాళ్లకది శనివారం రాత్రి. మనవరాలు పడుకోబోయే ముందు మాకో శ్లోకమో పాటో వినిపించి, తెరకో ముద్దు అంటించి వెళ్తుంది. మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం ఆ పిల్ల నోరు తెరిచింది, చేతులు తిప్పింది, తలాడించింది, ఆఖర్న దండం పెట్టింది. మాకు ఒక్క అక్షరం వినపడలేదు.

"సౌండు పెంచండీ" అంది మా ఆవిడ. పెంచాను. నూటికి నూరు పెట్టాను. పిల్ల మళ్లీ మొదట్నించి పాడింది. మళ్లీ దండం పెట్టింది. మేము మళ్లీ చప్పట్లు కొట్టాం, ఏం పాడిందో తెలియకుండానే.

చివరికి మా ఆవిడ తన ఫోన్ తీసి అమ్మాయికి కలిపింది. బొమ్మ ల్యాప్‌టాప్‌లో, మాట ఫోన్లో. పెదవులు ముందు కదిలేవి, మాట వెనక నడిచొచ్చేది. పిల్ల నవ్వడం అయిపోయి మొహం మామూలుగా పెట్టాక ఆ నవ్వు మా ఇంట్లో వినపడేది.

"ఏమైంది నాన్నా?" అంది అమ్మాయి.

"ఏం లేదమ్మా. ఐదు నిమిషాల పని" అన్నాను.

ఆ ఐదు నిమిషాలకు ఆరు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో ఇంతవరకూ ఎవరికీ నిజం చెప్పలేదు. ఒక్క పై వాటా కుర్రాడికి తప్ప. వాడికి చెప్పడానికి ముందు రెండు అబద్ధాలాడాను. అవి కూడా ఇక్కడే ఒప్పుకుంటాను.

ముందు నా గొప్ప చెప్పాలి. లేకపోతే నా తెలివితక్కువతనం పూర్తి ఎత్తు మీకు తెలియదు. నేను రైల్వేలో టెలికాం మనిషిని. 1984లో చేరాను, 2021లో దిగిపోయాను. 1957లో తార్నాకలో పెట్టిన ఇరిసెట్, అంటే రైల్వే సిగ్నల్, టెలికాం వాళ్లకు చదువు చెప్పే బడి, అందులో శిక్షణ పొందినవాణ్ణి. కంట్రోలు ఫోన్లు, గేటు ఫోన్లు, స్టేషన్ల మైకులు, కరెంటు లైను పక్కన కిలోమీటరుకొకటి చొప్పున గార్డు వచ్చి ఫోను గుచ్చుకునే సాకెట్లు, ఇవన్నీ చూసిన చేతులివి. మాట ఒకచోట పుట్టి ఇంకోచోట వినపడకపోతే మధ్యలో ఎక్కడ తెగిందో వెతకడమే ముప్పయ్యేడేళ్లు నేను చేసిన పని. దానికే జీతం తీసుకున్నాను. దానికే ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాను.

ఇక హెడ్‌ఫోన్ల సంగతి. నాకు పద్యనాటకాల పిచ్చి. పీసపాటి, షణ్ముఖి వాళ్ల గొంతుల్లో కృష్ణ రాయబారం వినకుండా నాకు తెల్లారదు. మా ఆవిడకేమో తెల్లవారుజామున ఐదింటికి కౌరవసభ మా హాల్లో కొలువుతీరడం ఇష్టం లేదు. "మీ కృష్ణుణ్ణి మీ చెవుల్లోనే ఉంచుకోండి" అని హెడ్‌ఫోన్లు కొనిపించింది. అప్పట్నించీ పొద్దున లేవగానే ల్యాప్‌టాప్‌కు తగిలించి ఓ అరగంట వినడం, ఆ తర్వాత వైరు పీకి, చుట్టచుట్టి చొక్కా జేబులో పడేసుకుని, ఫోన్‌కు తగిలించుకుని వాకింగుకు బయల్దేరడం అలవాటైంది. మౌలాలి గుట్ట వైపు నడుస్తాను. గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి తోట ఉంది. ఉర్దూ కవయిత్రి, గాయని, 1824లో పోయింది. అంతటి పాటగత్తె పడుకున్న చోటి పక్కగా చెవుల్లో పీసపాటిని పెట్టుకుని నడవడం నాకో భోగం. వెనక్కొచ్చాక మళ్లీ జేబులోంచి తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చుతాను. ఆ జేబులోనే వక్కపొడి పొట్లం కూడా ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఆదివారం కాల్ ముగిశాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర కింద మూలన సౌండు బొమ్మ ఉంటుంది కదా, అక్కడ స్పీకరు బొమ్మకు బదులు హెడ్‌ఫోన్ల బొమ్మ ఉంది. నొక్కితే "హెడ్‌ఫోన్స్" అని అక్షరాలా రాసి చూపించింది. హెడ్‌ఫోన్లు నా చొక్కా జేబులో ఉన్నాయి. యంత్రం మాత్రం "నాకింకా తగిలించే ఉన్నాయి" అంటోంది. రోగి తనంతట తనే ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించాడన్నమాట. నేనేమనుకున్నాను? "దీనికి మతిపోయింది" అనుకున్నాను. ఆ క్షణంలో నేను రైల్వే మనిషిని కాదు. నా కళ్లకు అది కంప్యూటరు. కంప్యూటరంటే సాఫ్ట్‌వేరు. సాఫ్ట్‌వేరంటే చేత్తో పట్టుకోలేనిది, కాబట్టి రోగం కూడా చేత్తో పట్టుకోలేని చోటే ఉండాలి. ఈ తర్కానికి ఇరిసెట్‌లో గుండుసున్నా వేసేవాళ్లు.

సోమవారం సెట్టింగుల్లో పడ్డాను. సమస్యలు వెతికిపెట్టే సదుపాయం ఒకటి ఉంటుంది. నడిపించాను. చాలాసేపు చుక్కలు తిప్పి, ఏ సమస్యా కనపడలేదంది. నాకు కోపమొచ్చింది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఆడియో డ్రైవర్‌ను పీకేశాను. దాంతో ఉన్న బొమ్మ మీద ఎర్ర ఇంటూ మార్కు పడింది. రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ తనంతట తనే తిరిగొచ్చింది, హెడ్‌ఫోన్ల బొమ్మను వెంటబెట్టుకుని. మళ్లీ పీకాను. మళ్లీ వచ్చింది. పండక్కి వచ్చిన అల్లుడిలా కదలదే. మధ్యమధ్యలో సౌండును ఎక్కడెక్కడ పెంచే వీలుందో అక్కడల్లా పెంచుతూ పోయాను. సిస్టమ్‌లో నూరు, బ్రౌజర్‌లో నూరు, పాట నడిపే ప్లేయర్‌లో నూట ఇరవై అయిదు. చిన్న శబ్దాల్ని పెద్దవి చేసే గడి ఒకటి కనపడితే దానికీ టిక్కు పెట్టాను. ఈ ముక్క కూడా గుర్తుపెట్టుకోండి.

ఎవర్నైనా అడగొచ్చు కదా అంటారు. అడగడానికి మా చుట్టుపక్కల కొదవ లేదు. మాకు కాస్త దూరంలోనే ఈసీఐఎల్ ఉంది, 1967లో పెట్టింది. దేశానికి టీడీసీ-12 కంప్యూటరు చేసిపెట్టింది, ఈసీ టీవీలు చేసిపెట్టింది. అక్కడ రిటైరైన పెద్దలు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్లు పలకరిస్తే కాలనీ మైకు సెట్టు గురించి నేనే వాళ్లకు సలహాలిస్తుంటాను. అలాంటిది "నా ల్యాప్‌టాప్ పలకడం లేదు" అని వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడటమా? నామోషీ. ఆ వారం వాకింగు దారి కూడా మార్చాను, ఎదురుపడితే మొహంలో తెలిసిపోతుందేమోనని.

అడక్కపోయినా వచ్చినవాడు పై వాటా కుర్రాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. మంగళవారం సాయంత్రం మా ఆవిడ మెట్ల మీద కనపడి చెప్పేసినట్టుంది. తలుపు దగ్గర నిలబడి, "అంకుల్, ల్యాప్‌టాప్‌ల సౌండ్ వస్తలేదంట గదా, నేనొకసారి చూడాల్నా?" అన్నాడు.

చూడనిచ్చి ఉంటే ఆరు రోజుల కథ మూడో రోజే ముగిసేది. కానీ వాడి చేతిలో ఫోను, ఆ ఫోన్లో అప్పటికే ఏదో వెతికి పట్టుకున్న పేజీ చూడగానే నాలోని ఇన్‌స్పెక్టరు నిద్రలేచాడు. "కూర్చోరా, నీకో కథ చెప్తా" అన్నాను. 1986 నాటి కథ. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చింది. మా ఆవిడ అది వినపడగానే వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేస్తుంది.

కథేమిటంటే, ఒక చిన్న స్టేషన్లో పాతకాలం మాగ్నెటో ఎక్స్‌ఛేంజి బోర్డు ఉండేది. బోర్డు మీద ప్రతి లైనుకూ చిన్న ఇత్తడి మూత. అవతలివాడు ఫోను పిడి తిప్పితే కరెంటొచ్చి ఆ మూత టక్కున కింద పడేది. ఆపరేటరు చూసి, ఆ లైను జాక్‌లో లావుపాటి పిన్ను గుచ్చి మాట్లాడేవాడు. పిన్ను లోపలికి వెళ్లగానే జాక్‌లో ఉన్న స్ప్రింగు రేకు పక్కకు జరిగి, మూతకు వెళ్లే దారిని తెంచుతుంది. మాట్లాడుతుండగా మూతతో పని లేదు కదా. పిన్ను పీకితే రేకు తిరిగొచ్చి దారిని కలపాలి. ఒకసారి ఒక లైను మూత పడటం మానేసింది. అవతలివాడు పిడి తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పెట్టించుకున్నాడు. పెద్దవాళ్లు వచ్చి కాయిల్ పోయిందన్నారు, బోర్డే మార్చాలన్నారు, కాగితాలు రాశారు. ఇరవై అయిదేళ్లవాణ్ణి నేను టార్చి పట్టుకుని జాక్‌లోకి చూశాను. రేకుకూ దాని జోడీ రేకుకూ మధ్య మురికి. పిన్ను లేకపోయినా ఉన్నట్టే అది ఎడంగా ఉండిపోయింది. పుల్లకు గుడ్డ చుట్టి, సీటీసీలో ముంచి తుడిచాను. మూత టక్కున పడింది.

"చూశావా?" అన్నాను కుర్రాడితో వేలెత్తి. "మీ తరం ఏదన్నా పలక్కపోతే మొత్తం మార్చేస్తారు. మేం ముందు స్ప్రింగు చూస్తాం. పిన్ను పీకాక రేకు వెనక్కొచ్చిందా లేదా, అదీ అసలు ప్రశ్న. పోయి చదువుకో."

వాడు బుద్ధిగా తలూపి పైకెళ్లిపోయాడు. నేను లోపలికొచ్చి ల్యాప్‌టాప్‌ను మొత్తం రీసెట్ కొట్టాను.

ఈ వాక్యం రాయడానికి నాకు వారం పట్టింది. నోట్లోంచి ఆ మాటలు బయటికొచ్చి ఇంకా చల్లారలేదు. పిన్ను పీకాక రేకు వెనక్కొచ్చిందా అని అడిగిన నోరు అది. అదే మనిషి పది అడుగులు నడిచి, పిన్ను పీకాక పలకడం మానేసిన యంత్రం ముందు కూర్చుని, దాని మెదడు తుడిచేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి కథ విన్నాం. నేను ఆమెకంటే ఘనుణ్ణి, చంకలో పిల్లకు ఆ కథే చెప్పి జోకొడుతూ వెతికాను. రీసెట్‌కు రెండున్నర గంటలు పట్టింది. ఫైళ్లు ఉన్నాయి గానీ తెలుగు టైపింగు పోయింది, దాచుకున్న పాస్‌వర్డులు పోయాయి, పెన్షన్ కాగితాల సైటు నన్నెరగనంది. హెడ్‌ఫోన్ల బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

బుధవారం సికింద్రాబాద్ వెళ్లాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు, అందరూ సీటీసీ అంటారు, కంప్యూటర్ల బజారు. మా రోజుల్లో సీటీసీ అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్, రేకులు తుడిచే ద్రావకం. కాలేయానికి చేటు, ఓజోన్ పొరకు కూడా చేటని మాంట్రియల్ ఒప్పందం దాని వాడకానికి మంగళం పాడింది. నాకు కావలసింది ఆ సీటీసీ. నేను వెళ్లింది ఈ సీటీసీకి. ఒక కొట్టువాడు చూసి, విప్పితేగానీ చెప్పలేనన్నాడు, బోర్డు కూడా కావచ్చన్నాడు. ఆ మాట వినగానే నాకు కోపమూ సంతోషమూ కలిసి వచ్చాయి. చూశారా, ముందే బోర్డు అంటున్నారు! అక్కణ్ణించి లేచి, పక్క కొట్లో 450 రూపాయలకు చిన్న స్పీకరు జత కొనుక్కుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఆ స్పీకర్ల పిన్నును హెడ్‌ఫోన్ల జాక్‌లోనే గుచ్చాను. సౌండు వచ్చింది! అంటే చిప్పు బాగుంది, డ్రైవర్ బాగుంది, జాక్‌కు వెళ్లే దారి బాగుంది. ఎవరికైనా ఇక తేలాల్సింది ఒక్కటే. నేను తేల్చింది మాత్రం, లోపలి స్పీకర్లు కాలిపోయాయని. ఎవరు కాల్చారో, ఎలా కాలాయో అడగలేదు.

గురువారం ల్యాప్‌టాప్‌ను బోర్లించి పదకొండు మరలు విప్పాను. ఎప్పుడో కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ముల్లు మీటరు తీసి, స్పీకరు తీగల మీద పెట్టాను. ముల్లు నాలుగు ఓముల దగ్గర నిలబడింది. అంటే ఆరోగ్యం. పైగా తీగ తగిలిన ప్రతిసారీ మీటరులోని బ్యాటరీకి స్పీకరు "చిటుక్" మంది. ఐదు రోజుల్లో ఆ ల్యాప్‌టాప్ పలికిన మొదటి మాట అది. నేను బతికే ఉన్నాను మొర్రో అంటోంది. రెండో స్పీకరూ అంతే. చిప్పు మంచిది, స్పీకర్లు మంచివి, మధ్యలో చెప్పాపెట్టకుండా ఒక మౌనం. మళ్లీ మూసి మరలు బిగించాను. పది బిగిశాయి. ఒకటి చేతిలో మిగిలింది.

శుక్రవారం సాయంత్రం కుర్రాడు మళ్లీ వచ్చాడు. నాచారంలో ఉన్న స్నేహితుడింటికి వెళ్తూ ఆగాడట. "వచ్చిందా అంకుల్ సౌండ్?" అన్నాడు. ఇంకా లేదన్నాను. వాడు కాస్త సందేహించి, నా ముందు తప్పు మాట్లాడతానేమోనన్న భయంతో అన్నాడు:

"మీరు మొన్న చెప్పిన్రు గదా, పిన్ను తీసినంక స్ప్రింగు వెనక్కి రావాలని. దీన్ల కూడా హెడ్‌ఫోన్ జాక్‌ల అట్లాంటిది ఉంటది గదా. మీరు అది ముందే చూసేసుంటరు లెండి."

నాకు ఒళ్లంతా వేడెక్కి, వెంటనే చల్లబడింది. సరిగ్గా మూడు క్షణాలు గడిచాయి. నేనన్నాను: "ఆఁ, అది మొదటిరోజే చూశా."

మొదటి అబద్ధం ఇది.

వాడు గేటు దాటగానే తలుపేశాను. మా ఆవిడ సీరియల్లో ఉంది. లైటు తీసి, ఫోను టార్చి వేసి, ల్యాప్‌టాప్ పక్కన ఉన్న ఆ గుండ్రని కన్నంలోకి ఒంటికన్నుతో చూశాను. అడుగున గోధుమరంగు ముద్ద. జేబు నూలు, దాంట్లో వక్కపొడి. రోజూ జేబులోంచి తీసిన పిన్ను మొన మీద ఇంత మోసుకొచ్చి, రోజూ లోపలికి దట్టించి, ఫిరంగిలో మందు కూరినట్టు నేనే కూరాను. మౌలాలి గుట్టను తవ్వినంత పని చేసి చివరికి ఎలుకను పట్టాను. ఆ ఎలుకను పెంచిందీ నేనే.

లోపల జరిగేది చాలా చిన్న సంగతి. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో ఇయర్‌ఫోన్ పిన్ను గుచ్చితే రేకు పక్కకు జరిగి స్పీకరుకు వెళ్లే కరెంటునే తెంచేది. ల్యాప్‌టాప్‌లో రేకు ఆ పని చెయ్యదు. అది కేవలం కబురు మోస్తుంది. పిన్ను వచ్చింది, పిన్ను పోయింది అని చిప్పుకు చెప్తుంది. స్పీకర్లను ఆపాలా, పలికించాలా అన్నది ఆ కబురును బట్టి చిప్పూ, డ్రైవరూ చూసుకుంటాయి. రేకు మధ్య వక్కపొడి ఇరుక్కుంటే పిన్ను పోయాక కూడా అది ఎడంగానే ఉంటుంది. "ఇంకా ఉంది" అనే కబురే వెళ్తుంది. ఆ కబురు విన్న డ్రైవరు ధర్మంగా నడుచుకుని స్పీకర్ల నోరు మూసింది. నేను ఆ డ్రైవర్‌ను మూడుసార్లు ఉరి తీశాను. రోజూ తెల్లారి కృష్ణ రాయబారం వినేవాడికి తెలియదా, రాయబారి మాటే తప్పైతే సభలో ఎంత ధర్మాత్ముడు కూర్చున్నా తీర్పు తప్పే అవుతుందని.

చేతులకు అప్పుడు పాత బుద్ధి వచ్చింది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు పీకాను. సూది, పిన్నీసు లాంటి ఇనుము పెడితే లోపల షార్టు కొట్టొచ్చు, రేకు వంగిపోవచ్చు. కొత్త చీపురులోంచి గట్టి పుల్ల ఒకటి తుంచి, మొనకు రవ్వంత దూది చుట్టి, మందుల కొట్టు స్పిరిట్‌లో తడిపి పిండేశాను. ల్యాప్‌టాప్‌ను జాక్ కిందికి వచ్చేలా ఒరగబెట్టి, నెమ్మదిగా తిప్పుతూ లాగాను. ముద్ద మూడు విడతల్లో వచ్చింది. ఆరబెట్టడానికి పావుగంట. తర్వాత ఖాళీ పిన్నును పదిసార్లు గుచ్చి తీశాను, రేకుకు పోయిన ఒడుపు రావాలని. పదోసారి తీసి స్విచ్చు వేశాను. మూలన స్పీకరు బొమ్మ.

రాత్రి పదకొండైంది. ఆనందంలో రాయబారం పద్యం ఒకటి నొక్కాను.

సిస్టమ్‌లో నూరు, బ్రౌజర్‌లో నూరు అని ముందే మనవి చేశాను. రీసెట్ తర్వాత కూడా పట్టుదలగా అవన్నీ మళ్లీ పెంచి పెట్టుకున్నాను. ఆరు రోజుల బాకీ వడ్డీతో సహా ఒక్క రాగంలో తీరింది. హార్మోనియం గోడలను తాకింది. కృష్ణుడు ఆలాపన ఎత్తుకున్నాడు. మౌలాలిలో రాత్రిపూట గూడ్సు బండ్ల కూతలు వినీ వినీ అలవాటైన మా కాలనీకి కూడా ఈ కూత కొత్త. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఎదురింట్లో లైటు వెలిగింది. నేను మూత మూసేశాను, అయినా పద్యం ఆగలేదు, ఓ రెండు క్షణాలు మూతలోంచే పాడింది. నిశ్శబ్దం రాగానే పైనుంచి కేక వినపడింది: "వచ్చింది గదా అంకుల్!"

మర్నాడు మెట్ల మీద అడిగాడు. "ఏం ప్రాబ్లం ఉండె అంకుల్?"

"డ్రైవర్" అన్నాను.

ఇది రెండోది. మొదటిది సిగ్గుతో జారింది. ఇది ఆలోచించి చెప్పాను. మొదటిరోజే చూశానని అన్నవాణ్ణి, ఇప్పుడు జాక్‌లో వక్కపొడి దొరికిందని ఎలా చెప్పను?

తర్వాతి ఆదివారం మనవరాలు శ్లోకం మళ్లీ చదివింది, ఈసారి గొంతుతో. నా మనసు తేలికపడలేదు. పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం కుర్రాడు చంకలో ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని దిగాడు. నాచారం స్నేహితుడిది. హెడ్‌ఫోన్లు తీసినంక సౌండ్ బందైందట. "మీరు డ్రైవర్ అన్నరని డ్రైవర్ మూడుసార్లు మార్చినం. ఫార్మాట్ గూడ కొట్టినం. వాని ప్రాజెక్టు రిపోర్టు పోయింది. అయినా సౌండ్ రాలే అంకుల్."

వాడి గొంతులో నా మీద నింద లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వాడు చేసిందంతా సరిగానే చేశాడు, వాడికి అందిన కబురును బట్టి. మధ్యలో ఇరుక్కుని ఎడంగా నిలబడిన రేకును నేను.

చెప్పేశాను. మొదటిరోజు చూడలేదని, ఆరో రోజు నువ్వడిగాకే చూశానని, డ్రైవరు కాదు వక్కపొడి అని. వాడు చాలాసేపు నా మొహం చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అప్పుడే చెప్తే అయిపోతుండె గదా అంకుల్" అన్నాడు మెల్లగా. అయిపోయేదే.

ప్రాయశ్చిత్తంగా మీకూ ఆ క్రమం చెప్తాను, కుర్రాడికి చెప్పినట్టే. హెడ్‌ఫోన్లు తీశాక స్పీకర్లు పలక్కపోతే ముందు తెర మూలన ఏ బొమ్మ ఉందో చూడండి. హెడ్‌ఫోన్ల బొమ్మే ఉంటే పిన్ను పదిసార్లు గుచ్చి తీయండి, టార్చి వేసి కన్నంలోకి చూడండి, పొడిగా శుభ్రం చేయండి. విరిగిన పిన్ను మొన లోపల ఉండిపోయిన కేసులూ ఉంటాయి, అప్పుడు మాత్రం పుల్ల పనికిరాదు, రిపేరు చేసేవాడి దగ్గరికి వెళ్లాల్సిందే. స్పీకరు బొమ్మే ఉండి కూడా మాట లేకపోతే, సౌండు బయటికి పంపే చోటు ఏది ఎంచుకుని ఉందో సెట్టింగుల్లో చూడండి. పక్క గదిలో ఉన్న బ్లూటూత్ పరికరానికి వెళ్తుండొచ్చు. తర్వాత రీస్టార్ట్ కొట్టండి. విండోస్‌లో షట్‌డౌన్ చాలాసార్లు పూర్తి నిద్ర కాదు, రీస్టార్టే అసలు స్నానం. ఇవన్నీ అయ్యాకే డ్రైవర్ జోలికి వెళ్లండి. నిజంగానే డ్రైవరు పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. కానీ తుడిచెయ్యడం అన్నిటికంటే ఆఖరి పని.

ఆ సాయంత్రం కుర్రాడికి పుల్ల నేనే తుంచి ఇచ్చాను. టార్చి నేను పట్టుకున్నాను, దూది వాడు తిప్పాడు. స్నేహితుడి జాక్‌లో వక్కపొడి లేదు, బ్యాగులో నలిగిన నీలం నూలు ఉంది. వాడు దాన్ని గోటి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. స్విచ్చు వేశాడు. స్పీకరు బొమ్మ వచ్చింది. వాడి వేలు పాట మీదికి వెళ్తోంది.

"ఆగరా" అన్నాను. "ముందు సౌండు తగ్గించు."